మీకు తెలుసా? కిటికీ లేని ఇంట్లో పొద్దు

భద్రాచలం దాటి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఇక ఊరు చేరతామనగా కాంగేర్ లోయ అడవి వస్తుంది. 1982లో జాతీయ వనంగా ప్రకటించిన ఆ అడవిలో కుటుంసర్ అనే సున్నపురాతి గుహ ఉంది. ఇరుకు సందులో ఒళ్ళు వంచుకుని దిగాలి. లోపలికి పోయాక గైడు లైటు ఆర్పితే కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. అమావాస్య రాత్రి కూడా చుక్కల వెలుగు కొంత ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

ఆ గుహ నీటిలో ఒక చిన్న చేప బతుకుతోంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నెమాఖైలస్ ఎవెజార్డి. బయటి వాగుల్లో ఉన్న దాని చుట్టాలకు కళ్ళూ ఒంటి రంగూ మామూలుగానే ఉన్నాయి. గుహలో చేపకు మాత్రం కళ్ళు చిన్నబోయాయి, రంగు పాలిపోయింది. ఈ చేప అప్పుడప్పుడు పైకొచ్చి గాలి గుటక వేసి మళ్ళీ కిందికి పోతుంది. రాయ్‌పూర్ పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయానికి చెందిన జయంత్ బిస్వాస్, అరుణ్ కుమార్ పతి ప్రభృతులు ఆ గుటకలను లెక్కపెట్టారు. వాటిలో రోజువారీ లయ, ఏటివారీ లయ ఉన్నాయని 1990లో ప్రచురించారు. పగలంటే ఏమిటో ఎరగని చేపకు రోజు లెక్క దేనికో!

ఇంటి వెలుతురు గురించి చెబుతానని గుహలోకి తీసుకొచ్చానేమిటి అనుకోకండి. మన ఒంట్లోనూ అలాంటి గడియారమే ఉంది. అది కొంచెం నెమ్మది గడియారం.

రోజుకు 11 నిమిషాలు

1729లో ఫ్రాన్స్‌లో ద మెరాన్ అనే ఆయన అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పొద్దున ఆకులు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. జీవగడియారం కథ మన పెరట్లో దొరికే మొక్కతోనే మొదలైంది. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే మరో ఫ్రెంచివాడు గడియారం, క్యాలెండరు ఏమీ లేకుండా రెండు నెలలు గుహలో ఉన్నాడు. సెప్టెంబరు 14న బయటికి పిలిస్తే, ఇంకా ఆగస్టు 20 కదా అన్నాడట. మన దేశంలో ఎం.కె. చంద్రశేఖరన్ మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి గబ్బిలాల గుహల్లో ఈ జీవగడియారం మీదే పని చేశారు. మనుషుల్ని వెలుతురుకూ గడియారానికీ దూరంగా ఉంచి పరిశీలించే గది కూడా విశ్వవిద్యాలయంలో కట్టించారు.

మనిషి లోపలి గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల 11 నిమిషాలు తీసుకుంటుందని 1999లో హార్వర్డ్‌లో చార్లెస్ జైస్లర్ బృందం తేల్చింది. 11 నిమిషాలు ఎంతనుకుంటాం కానీ, సరిచేసేవాళ్ళు లేకపోతే వారానికి గంటకు పైగా వెనకబడుతుంది. సరిచేసేది పొద్దుటి వెలుతురు. అది గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పూట వెలుతురు వెనక్కి లాగుతుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, మనసు తేరుకోవడం, కుంగడం, అన్నీ ఈ గడియారం చెప్పినట్టు నడుస్తాయి. వెలుతురుకూ మనసుకూ ఉన్న లంకె ఇదే. మంత్రమేమీ లేదు.

మన భాషకు ముందే తెలుసు

తెలుగులో పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే కాలం కూడా. పొద్దు పొడిచింది, పొద్దు గూకింది, పొద్దుపోయి వచ్చాడు, ఏమీ పొద్దుపోవడం లేదు. ఆఖరి మాట చూడండి. నాలుగు గోడల మధ్య కూర్చున్నవాడికే పొద్దుపోదు. చేలో ఉన్నవాడు ఆ మాట అనగా నేను వినలేదు. జగదల్‌పూర్ ఉన్న బస్తర్ ప్రాంతంలో మాట్లాడే గోండీలో సూర్యుడికున్న మాట మన పొద్దుకు చుట్టమే. అక్కడి దక్షిణ కొసన, కుంట వైపు దొర్లలు మాట్లాడే మాటలోనైతే తెలుగు పాలు ఇంకా ఎక్కువ.

కిటికీ ఏది?

బస్తర్ పల్లెల్లో పాత పద్ధతిలో కట్టిన ఇంటిని చూసిన పట్నంవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇది. మట్టి గోడలు, గూన పెంకులో గడ్డో కప్పు, ముందు వసారా, చుట్టూ దడి కట్టిన పెద్ద ముంగిలి. కిటికీలు చాలా ఇళ్ళకు ఉండవు, ఉన్నా పిడికెడు కన్నాలు. దానికి కారణాలు దానికున్నాయి. చైత్ర వైశాఖాల ఎండ లోపలికి రాకూడదు. జగదల్‌పూర్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తు కాబట్టి పుష్యమాసపు చలి కూడా రాకూడదు. అడవి జంతువు రాకూడదు. దోమ వస్తే మలేరియా, అది బస్తర్‌కు పాత శత్రువు. చీకటి గదిలో ధాన్యం, గింజలు చల్లగా ఉంటాయి.

ఇల్లు చీకటి కదా, మరి మనుషులు చీకట్లో ఉన్నారా? లేదు. ఆ ఇల్లు సామాను కోసం, రాత్రి కోసం, వాన కోసం. పగలంతా ఇంటి బతుకు నడిచేది ఇంటి బయటే. చింతపండు గింజ తీయడం, చాటలో చెరగడం, బుట్ట అల్లడం, పిల్లకు పేలు చూడటం, చుట్టాలతో కబుర్లు అన్నీ వసారాలోనో ముంగిట్లోనో. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి ఆకాశాన్ని ఇంటి నడుమకు దించుకుంది. బస్తర్ ఇల్లు మనిషినే ఆకాశం కిందికి పంపింది. మన అరుగు ఈ రెంటికీ మధ్యలో ఉండేది. ఉండేది అంటున్నాను, ఎందుకంటే అరుగుల్ని మనం కారు పార్కింగుకు ఇచ్చేశాం.

గడప దాటితే ఎంత పోతుంది?

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. నడివేసవి మధ్యాహ్నం ముంగిట్లో లక్ష లక్స్ దాకా ఉంటుంది. చూరు కింద వసారాలో అది వేలల్లోకి దిగుతుంది. గడప దాటి నాలుగడుగులు వేస్తే వందలు. పొగచూరిన వంటమూలలో పదులు. పది పదిహేను అడుగుల నడకలో వెయ్యో వంతుకో, ఇంకా కిందికో పడిపోతుందన్న మాట. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు. పాప విచ్చుకుని సర్దుకుంటుంది, ‘బాగానే కనపడుతోందిగా’ అనిపిస్తుంది. చూపుకు సరిపోయే వెలుతురు లోపలి గడియారానికి సరిపోదు. పగటి పూట కంటి దగ్గర కనీసం 250 లక్స్ ఉండాలని, పడుకునే ముందు 3 గంటలు 10 లక్స్ మించకూడదని, నిద్రలో 1 లక్స్ దాటకూడదని 2022లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. (వాళ్ళు వాడింది ఈ గడియారం కోసం ప్రత్యేకంగా లెక్కగట్టిన లక్స్. పగటి వెలుతురుకు మామూలు లక్స్‌తో పెద్ద తేడా రాదు.) ట్యూబ్‌లైటు వేసుకున్న మామూలు గదిలో 100, 200 ఉంటే గొప్ప.

ఇప్పపువ్వు అలారం

ఇప్పచెట్టు పూలు రాల్చేది రాత్రి మూడో జాము నుంచి పొద్దుటి దాకా. ఫాల్గుణ చైత్రాల్లో బస్తర్‌లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే గంపలు పట్టుకుని చెట్టు కిందికి చేరతారు. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి, ఎండ ముదురుతుంది. జీలుగు చెట్టును అక్కడ సల్ఫీ అంటారు, దాని కల్లు దించేదీ వేకువనే. మనసు బాగుండటానికి పొద్దున్నే అరగంట వెలుతురులో ఉండండి అని ఇవాళ డాక్టర్లు చెబుతున్నది ఆ చెట్లు ఎప్పటినుంచో పిలిచి మరీ చేయిస్తున్నాయి.

దీనికి దూరపు సాక్ష్యం ఒకటుంది. టాంజానియాలో హాడ్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో త్సిమానే అనే మూడు జాతుల నిద్రను పరిశీలించి 2015లో అమెరికా పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. వాళ్ళకు వెలుతురు అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది మిట్టమధ్యాహ్నం కాదు, ఉదయం 9 గంటల ప్రాంతంలో. మధ్యాహ్నానికి అందరూ నీడకు చేరతారు. ఎండలో తిరగడం వేరు, వెలుతురులో ఉండటం వేరు. నీరెండ అనే మాట ఉన్న భాష మనది, ఈ తేడా మనకు చెప్పనక్కర్లేదు.

కన్ను రెండు పనులు చేస్తుంది

కంటి వెనక తెరలో చూపు కోసం ఉన్న కణాలు కాక, వెలుతురు ఎంతుందో కొలవడానికి వేరే కణాలు కొన్ని ఉన్నాయని 2002లో డేవిడ్ బెర్సన్, సామెర్ హట్టార్ తదితరులు చూపించారు. వాటిలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉంటుంది, నీలి వెలుగుకు అది బాగా స్పందిస్తుంది. ఆకాశపు వెలుగులో దండిగా ఉండేది అదే. ఈ కణాల తీగ నేరుగా మెదడులో 20,000 నాడీకణాలున్న చిన్న ముద్దకు పోతుంది. గడియారం ఉన్నది అక్కడ. చూపు బొత్తిగా లేని కొందరిలో కూడా కంటి మీద వెలుతురు వేస్తే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గడం 1995లోనే గమనించారు. అంటే గుడ్డివారిలో కొందరికి కూడా కిటికీ పక్క మంచం అక్కరే. కుటుంసర్ చేప గుర్తొస్తోందా?

ఈ గడియారపు పళ్ళ చక్రం ఎలా తిరుగుతుందో ఈగల్లో జన్యువుల స్థాయిలో విప్పి చూపినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

తూర్పు గది, పడమటి గది

వాస్తు మాట పక్కన పెట్టండి, ఇది ఇటలీ మాట. మిలాన్‌లో ఒక మానసిక ఆసుపత్రి వార్డులో కొన్ని గదులు తూర్పుకు, కొన్ని పడమరకు ఉండేవి. ఎవరికే గది ఇవ్వాలో ప్రత్యేకంగా ఎవరూ నిర్ణయించలేదు. ఫ్రాంచెస్కో బెనెదెత్తి బృందం పాత రికార్డులు తీసి చూస్తే, బైపోలార్ కుంగుబాటుతో చేరి తూర్పు గదుల్లో ఉన్నవాళ్ళు పడమటి గదులవాళ్ళకన్నా సగటున 3.67 రోజులు ముందే ఇంటికి వెళ్ళారు. 2001 నాటి ఆ వ్యాసంలోనే ఇంకో మాట కూడా ఉంది: మామూలు కుంగుబాటు ఉన్నవాళ్ళలో ఆ తేడా కనపడలేదు. మొదటి మాట మాత్రమే చెప్పి రెండోది మింగేసేవాళ్ళు ఎక్కువ, అందుకని రెండూ చెబుతున్నాను. ఈశాన్యం అని మన పెద్దలు పట్టుబట్టిన దాంట్లో లేత ఎండ మీద మమకారం కొంత ఉండి ఉంటుందని నా అనుమానం. అనుమానమే.

అంతకుముందు 1984లో రోజర్ ఉల్రిచ్ పిత్తాశయం తీయించుకున్న 46 మంది రోగుల లెక్క చూశాడు. కిటికీలోంచి చెట్లు కనపడినవాళ్ళు, ఇటుక గోడ కనపడినవాళ్ళకన్నా త్వరగా కోలుకున్నారు, నొప్పి మందులూ తక్కువ వాడారు. కాబట్టి కిటికీ ఎంత పెద్దదన్నదే కాదు, అవతల ఏముందన్నదీ లెక్కలోకి వస్తుంది. పక్క అపార్టుమెంటు బాత్రూము పైపులు కనపడే కిటికీల గురించి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుణ్ణు.

86,772 మంది మణికట్లు

బ్రిటన్‌లో ఇంతమంది చేతికి వెలుతురు కొలిచే పట్టీలు కట్టారు. 2023లో ఫలితం వచ్చింది. రాత్రి వెలుతురులో ఎక్కువగా ఉన్నవాళ్ళలో కుంగుబాటు ముప్పు 30 శాతం ఎక్కువ, పగటి వెలుతురులో ఎక్కువగా ఉన్నవాళ్ళలో 20 శాతం తక్కువ. అయితే వెలుతురులో ఉన్నందుకు మనసు బాగుందా, మనసు బాగున్నవాళ్ళే బయటికి వచ్చారా అన్న ప్రశ్న ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ మిగిలే ఉంటుంది. దిగులుగా ఉన్నవాడు చేసే మొదటి పని తలుపులు వేసుకోవడమే కదా.

కరెంటు వచ్చిన రాత్రి

బస్తర్ ప్రాంతపు బీజాపూర్ జిల్లాలో చిల్కపల్లి అనే ఊరికి మొదటిసారి కరెంటు వచ్చింది 2025 జనవరిలో. పేరులోనే పల్లి ఉన్న ఊరు, మనకు పరాయిది కాదు. బల్బు వెలిగిన రోజు పిల్లల సంబరం ఎంతటిదో చెప్పేపని లేదు. దీపం పెట్టుకుని చదివినవాళ్ళకు తెలుసు.

అర్జెంటీనాలో టోబా జాతివాళ్ళు కొన్ని ఊళ్ళలో కరెంటుతో, కొన్ని ఊళ్ళలో కరెంటు లేకుండా ఉన్నారు. రెండు చోట్లా నిద్ర కొలిస్తే, కరెంటు ఉన్నవాళ్ళు రోజూ 40 నిమిషాలకు పైగా తక్కువ నిద్రపోతున్నారు. ఇది 2015 మాట. కరెంటు వద్దని ఎవరంటారు? ప్రసవం దీపం వెలుగులో జరగాలని కోరుకునేది దూరంగా కూర్చున్నవాళ్ళే. కాకపోతే రాత్రికి కొత్త వెలుగు వచ్చిన ఇంట్లో పగటి వెలుగును కూడా పెంచుకోవాలి. రెండూ తక్కెడ పళ్ళేల్లాంటివి. పగలు బాగా వెలుతురు తిన్న కంటికి రాత్రి బల్బు అంతగా హాని చేయదని చూపిన ప్రయోగాలు ఉన్నాయి.

గడియారం, పొద్దు ఒకటే చోట

భారత కాలమానం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా, ఒడిశాలో జయపురం పక్కగా పోతుంది. జగదల్‌పూర్ దానికి అరడిగ్రీ పడమర, తేడా 2 నిమిషాలే. అందుచేత బస్తర్‌లో గడియారం 12 కొట్టినప్పుడు పొద్దు దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఏడాదిలో అటూ ఇటూ పావుగంట. గుజరాత్ పడమటి కొసన ఇదే పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకో 50 నిమిషాలకు పైగా పడుతుంది. బడి గంట మాత్రం అందరికీ ఒకటే. పొద్దు గంట ఆలస్యంగా గూకే చోట్ల పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతోందని, చదువు కూడా దెబ్బతింటోందని ఆర్థికవేత్త మౌలిక్ జగ్నానీ లెక్క తీశారు. ఆ ఇబ్బంది బస్తర్ పిల్లలకు లేదు. వాళ్ళ ఇబ్బందులు వేరు.

జగదల్‌పూర్‌లో అతి పొడవైన పగలు 13 గంటల పావు, అతి పొట్టి పగలు 11 గంటలు. 1984లో నార్మన్ రోసెంతాల్ చెప్పిన ‘చలికాలపు కుంగుబాటు’ చలికాలంలో పగళ్ళు బాగా కురచబడే దేశాల మాట. దాన్ని యథాతథంగా తెచ్చి మన మీద అతికించకూడదు. మన దగ్గర పగలు పొట్టిదై కాదు, పగలంతా లోపలే ఉండి వెలుతురు పోగొట్టుకుంటాం.

ముసురు

వానాకాలంలో బస్తర్‌లో రోజుల తరబడి ముసురు పట్టేస్తుంది. ‘మబ్బేసింది కాబట్టి వెలుతురే లేదు’ అనుకుంటాం. దట్టంగా మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట కొన్ని వేల లక్స్ ఉంటుంది, లైట్లన్నీ వేసిన గదికన్నా ఎన్నో రెట్లు. వాన పడుతుంటే వసారాలో కూర్చుని చినుకుల్ని చూసే అలవాటున్నవాళ్ళు ఏమీ నష్టపోరు. చూరు కింద పీట వేసుకుంటే చాలు.

కొత్త ఇల్లు, పాత ప్రశ్న

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని నియమం. సిమెంటు గోడలు, గట్టి కప్పు, తలుపుకు గొళ్ళెం. వానకు కారదు, పాము రాదు, చిన్న సంగతులా ఇవి? కానీ ఇల్లు పక్కాది అయ్యేకొద్దీ మనిషి లోపలికి జరుగుతాడు. లోపల ఫ్యాను ఉంది, టీవీ ఉంది. ముంగిలి చేసిన పని ఇప్పుడు కిటికీ చేయాలి. పాత ఇంటికి కిటికీ లేకపోవడం తప్పు కాదు, ముంగిలి లేని కొత్త ఇంటికి కిటికీ లేకపోతే తప్పే. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ కబుర్లు.

ఎంత కిటికీ? జాతీయ భవన నిర్మాణ నియమావళిలో పాత లెక్క ఒకటుంది: పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో పదో వంతు, తడి వేడి ప్రాంతాల్లో ఆరో వంతు తెరపి ఉండాలి. పది అడుగులకు పన్నెండడుగుల గదికి 12 నుంచి 20 చదరపు అడుగులన్న మాట. నాలుగుకు నాలుగు కిటికీ ఒకటి పెడితే మధ్యేమార్గం. తెరపి నుంచి ఏడున్నర మీటర్లు దాటిన చోటును వెలుతురున్న చోటుగా లెక్కించకూడదని కూడా అందులోనే ఉంది. కిటికీ వెడల్పుకన్నా దాని పై అంచు ఎంత ఎత్తున ఉందన్నది ముఖ్యం. పై అంచు ఎత్తయ్యేకొద్దీ వెలుతురు లోపలి దాకా పోతుంది. మన పాత ఇళ్ళ వెంటిలేటర్లు వేడి గాలి పోవడానికే అనుకుంటాం, అవి వెనక గోడకు వెలుతురు అందించేవి కూడా.

డబ్బు ఖర్చు లేని ఉపాయం గోడ రంగు. బస్తర్ ఆడవాళ్ళు గోడలకు తెల్లమట్టి పూస్తారు, ఛత్తీస్‌గఢ్‌లో ఛుహీ మట్టి అంటారు. తెల్లటి గోడ తన మీద పడిన వెలుగులో ముప్పాతిక వంతు వరకు తిరిగి ఇస్తుంది, మసిబారిన మట్టిగోడ చాలావరకు మింగేస్తుంది. పండక్కి ఇంటికి సున్నం వేయడంలో శుభ్రత ఎంతుందో వెలుతురూ అంతే ఉంది. కట్టెల పొయ్యి వంటింట్లో గోడ నెలకోసారైనా పూయక తప్పదు.

పెంకుటింటికి ఇంకో దారి గాజు పెంకు. బెంగుళూరు పెంకుల మధ్య ఒకటో రెండో గాజువి వేస్తే గదిలో పగటి దీపం పెట్టినట్టే. రేకుల ఇంటికైతే బ్రెజిల్ మెకానిక్ అల్ఫ్రెడో మోజర్ 2002లో కనిపెట్టిన చిట్కా ఉంది. రెండు లీటర్ల సీసాలో నీళ్ళు, నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచు పోసి, రేకుకు కన్నం పెట్టి సగం పైకి, సగం లోపలికి బిగించాలి. నీరు ఎండను చెదరగొట్టి గది నలుమూలలకూ చల్లుతుంది. 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగు. 2011 తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఇది వేల ఇళ్ళకు పాకింది. కన్నం చుట్టూ సరిగ్గా బిగించకపోతే ముసురు రోజుల్లో ఆ ఇంటావిడ ఏమంటుందో మాత్రం నన్నడగొద్దు.

దోమల జాలీ మాట మరిచిపోకూడదు. బస్తర్‌లో అది విలాసం కాదు, అవసరం. దుమ్ము పట్టిన జాలీ సగం వెలుతురును అక్కడే ఆపేస్తుంది, బ్రష్షుతో దులిపితే కొత్త కిటికీ పెట్టినట్టుంటుంది.

నాయనమ్మ మంచం ఎక్కడ?

వయసు పైబడేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, నీలి వెలుగు లోపలికి తక్కువగా పోతుంది. అంటే వయసులో ఉన్నవాళ్ళకన్నా ముసలివాళ్ళకే ఎక్కువ వెలుతురు కావాలి. మనం చేసేదేమిటి? ‘ఆవిడ పడుకునేదేగా’ అని లోపలి మూలగది ఇస్తాం. పగలంతా కునుకు, రాత్రంతా జాగారం. తర్వాత నిద్రమాత్ర. నెదర్లాండ్స్‌లో 12 వృద్ధాశ్రమాల్లో 189 మందితో చేసిన పరీక్షలో, పగలు హాలులో వెలుతురును 1,000 లక్స్ దాకా పెంచితే కుంగుబాటు లక్షణాలు 19 శాతం తగ్గాయి, మతిమరుపు ముదరడం కొద్దిగా నెమ్మదించింది. 2008లో వచ్చిన ఫలితం. వాళ్ళు అందుకోసం కప్పుకు లైట్లు బిగించారు. మనకు వసారాలో నులకమంచం చాలు. వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తారు కూడా, అది ఏ లక్స్ మీటరుకూ అందదు.

అద్దం ఆపేది, ఆపనిది

కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, డి విటమిన్ తయారుచేసే అతినీలలోహిత బి కిరణాలను దాదాపుగా రానివ్వదు. అద్దం వెనక కూర్చుంటే గడియారం సరవుతుంది, డి విటమిన్ రాదు. దానికి చర్మం మీద నేరుగా ఎండ పడాలి.

కొన్ని జాగ్రత్తలు, పొట్టిగా. సూర్యుడి వైపు చూడక్కర్లేదు, చూడకూడదు. ఆకాశం కనపడే చోట ఉంటే చాలు. బైపోలార్ ఉన్నవాళ్ళు కుంగుబాటుకు వాడే 10,000 లక్స్ దీపాల చికిత్స డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మనసు అతిగా రెచ్చిపోయే ప్రమాదముంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే కిటికీ తెరవడంతో ఆగొద్దు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గవాక్షం అంటే

ఎద్దు కన్ను. గో, అక్షి. యూరప్ ఉత్తరాదివాళ్ళు తమ పాత భాషలో కిటికీని గాలికన్ను అన్నారు, ఇంగ్లీషు విండో అందులోంచే వచ్చింది. ఇంత దూరంలో ఉన్న రెండు జాతులకు గోడలో కన్నం కన్నులాగే కనపడింది.

చివరగా ఒక లెక్క

నిండు పున్నమి నాడు చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద పడే వెలుగు పావు లక్స్, మహా అయితే కాస్త పైన. నిద్రలో 1 లక్స్ మించొద్దన్న నిపుణుల గీటుకు ఎంతో కింద. అంటే చైత్ర పున్నమికి ముంగిట్లో మంచం వాల్చుకుని, పక్కన ఆరబోసిన ఇప్పపువ్వు వాసన పీలుస్తూ పడుకున్నా గడియారానికి ఏమీ కాదు. మూడో జామున పూలు రాలడం మొదలవుతుంది, అప్పుడు ఎలాగూ లేవాలి.